జొన్నగిరి దారిలో కొత్త హెడ్‌ఫోన్స్

హెడ్‌ఫోన్స్ డబ్బా విప్పింది గుత్తి బస్టాండులో. బెంగళూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి గుత్తి. ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు పక్కన పెట్టుకుని ఫోన్‌కి జత చేశా. మూణ్ణెల్లు కార్టులో ఉంచి, ఆఫర్ వచ్చాక కొన్న వస్తువు ఇది. చెవి మొత్తం కప్పే రకం, నాయిస్ క్యాన్సలేషన్ కూడా ఉంది. రెండు రోజులు జేజి దగ్గర ఉండబోతున్నా కాబట్టి, అన్ని రకాల పాటలూ అక్కడే విని చూద్దామనుకున్నా.

జేజి ఊరు జొన్నగిరి పక్కనే. కర్నూలు జిల్లా, తుగ్గలి మండలం. తొలకరి పడగానే వజ్రాల కోసం జనం వచ్చి వాలే ఊరంటే మీకు వెంటనే గుర్తొస్తుంది.

మొదటి పరీక్ష పత్తికొండ బస్సులో. బటన్ నొక్కగానే ఇంజను మోత సగానికి పైగా మాయం. దీని వెనక లెక్క సింపుల్. హెడ్‌ఫోన్స్‌లోని మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి, దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే తరంగాన్ని చెవిలోకి వదులుతాయి. రెండూ కలిసి ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఇంజను, ఫ్యాను లాంటి ఆగకుండా వచ్చే మోతైతే సులువుగా పోతుంది. కండక్టర్ విజిల్ మాత్రం పోలేదు. ఉన్నట్టుండి వచ్చే శబ్దాన్ని, అందులోనూ సన్నటిదాన్ని, ఆపడం దానికి కష్టం.

రెహమాన్ ‘రోజా’ పాటలు పెట్టా. 1992 సినిమా, నేను పుట్టకముందుది. చిన్నప్పుడు ఇంట్లో టేప్‌రికార్డర్‌లో ఎన్నిసార్లు విన్నానో. అయినా వెనకాల బేస్ ఇంత పని చేస్తోందని ఇప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ పెడితే మాత్రం అదే బేస్ మీదపడి మిగతావన్నీ తొక్కేసింది. యాప్‌లో రెండు మెట్లు తగ్గించా.

ఎర్రగుడి దగ్గర దిగిపోయా. ఇక్కడి కొండ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు పెద్ద శిలాశాసనాలు, వాటితో పాటు చిన్నవి కూడా. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష, సుమారు 2,200 ఏళ్ల నాటివి. మౌర్యుల దక్షిణాది కేంద్రం సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు అంటారు.

ఎండెక్కకముందే ఒక బండ నీడన కూర్చుని శ్రీపాద పినాకపాణి గారి పాత రికార్డింగ్ పెట్టా. కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన డాక్టర్ ఆయన. నేదునూరి కృష్ణమూర్తి లాంటి వాళ్లకు గురువు. అది మోనో రికార్డింగ్, అంటే రెండు చెవుల్లోకీ వచ్చేది ఒకే శబ్దం. అలాంటిదాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటే పాట ఎడమా కాదు కుడీ కాదు, సరిగ్గా తల మధ్యలోంచి వస్తుంది. వెనక సన్నగా బుస్సుమంటున్న చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. మంచి హెడ్‌ఫోన్స్ రికార్డింగ్‌లో ఏ లోపాన్నీ దాచవు.

ఇక్కడి చిన్న శాసనంలో ఒక తమాషా ఉంది. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి నడుస్తాయి, చేను చివర ఎద్దుల్ని మళ్లించి దున్నినట్టు. స్టీరియోలో పాట ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారినట్టుందని నాలో నేనే నవ్వుకున్నా. అదే శాసనంలో ఇంకో మాట ఉంది. రాజుగారి అధికారులు భేరి మోగించి పల్లె జనానికి ఈ సంగతి తెలియజెయ్యాలని. అంటే రాతి మీద చెక్కినా, జనానికి చేరాల్సింది చెవుల ద్వారానే. చదవడం రానివాళ్లు కూడా వినాలి కదా.

జొన్నగిరి చేరేసరికి పది దాటింది. రాత్రి కురిసిన వానకి ఎర్రమట్టి చేలన్నీ తడిసి ఉన్నాయి. పైమట్టి కొట్టుకుపోతే రాళ్లు బయటపడతాయి, వాటిలో ఒక్కటైనా మెరవకపోతుందా అని ఆశ. పక్క జిల్లాల వాళ్లు కూడా సద్దిమూటలతో వచ్చి, తలలు వంచుకుని మెల్లగా నడుస్తూ వెతుకుతున్నారు. నేనూ హిప్‌హాప్ పెట్టుకుని వాళ్లతో కలిశా. బీట్ బాగుంది, మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తున్నాయి. ఉక్కపోతకి చెవులు మాత్రం చెమటతో నానిపోయాయి.

ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే చేను రైతు. హెడ్‌ఫోన్స్ తీశా.

“ఎంతసేపాయ పిలవబట్టి! విత్తనమేసిన చేనప్పా ఇది. తొక్కితే మాకేం మిగుల్తాది?”

కిందికి చూస్తే నిజమే. వేరుశనగ విత్తిన సాళ్ల మీద నా బూటు గుర్తులు వరసగా ఉన్నాయి. మిగతావాళ్లు ఆయన మొదటిసారి అరిచినప్పుడే గట్టెక్కేశారు. ఆయన గొంతుని నాయిస్ క్యాన్సలేషన్ ఆపి ఉండదు, నేను పెంచుకున్న వాల్యూమే మింగేసింది. క్షమించమన్నా. ఆయన ఏమీ అనకుండా వంగి, తొక్కిన సాలు చేత్తో సర్దుకున్నాడు.

ఇంటికెళ్లాక జేజి దగ్గర కూడా అదే తంతు. “ఏం రా, పిలుస్తాంటే పలుకవు? చెవులు యాడ పెట్నావు?”

జేజికి ఈమధ్య వినికిడి తగ్గింది. నవ్వుతూ హెడ్‌ఫోన్స్ తీసి ఆమె తలకి పెట్టా. ఏం వింటావు జేజీ అంటే, “మీ జేజినాయన బజన ఉందంటివే, అది పెట్టు” అంది.

ఆయన పోయి ఆరేళ్లు. ఊరి చెక్కభజన జట్టులో ఆయనే ముందు పాడేవాడు, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి నలిగిపోయిన వీడియో ఒక్కటే మిగిలింది. చెక్కలకున్న గజ్జెల చప్పుడు అందులో ఇసుక రాలినట్టు ఉంటుంది. ఎవరో దగ్గుతారు. నా రివ్యూలో దీనికైతే సున్నా మార్కులే.

జేజి కళ్లు మూసుకుంది. వాల్యూమ్ కొంచెం పెంచా. కాసేపటికి, “ఇదేందిరా, తలకాయ లోపల కూకోని పాడతాండాడు ఆయప్ప!” అంది. మోనో సంగతి ఆమెకి చెప్పలేదు. ఇంకాసేపు విని చెయ్యెత్తింది. “ఈడ చూడు, తాళం తప్పినాడు. ఎప్పుడూ ఈడనే తప్పుతాడు.”

రెండోసారి పెట్టమంది. అది అయిపోయాక ఆ జట్టులో ఇంకా ఎవరెవరు ఉన్నారో వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నలుగురు. “వాళ్లవి కూడా పట్టిపెట్టుకోరా, ఉండంగనే” అంది.

మర్నాడు సాయంత్రం ముగ్గురు వచ్చారు. నాలుగో ఆయనకి ఒంట్లో బాలేదు. ఫోన్‌ని గోడకి కాదు, వాళ్ల మధ్యన పీట మీద పెట్టా. ఫ్యాను ఆపించా. అటక మీంచి దించిన చెక్కల దుమ్ము తుడిచి పాడారు. ఇరవై నిమిషాలు వచ్చింది, దగ్గులతో సహా. ఫైలుని కుదించకుండా రెండు చోట్ల దాచా.

హెడ్‌ఫోన్స్ ఎలా ఉన్నాయంటారా? బాగున్నాయి. బేస్ కాస్త ఎక్కువ, ఎండాకాలం చెవులకి బరువు. చేను గట్టు మీద నడిచేటప్పుడు మాత్రం మెడలో వేసుకోండి.