నీటి కింద ఊరు

ఉత్తర వేల్స్‌లో బాలా పట్టణం దాటాక రోడ్డు పక్కన కనిపించే లిన్ కెలిన్‌ను కొత్తవారు సహజ సరస్సే అనుకుంటారు. నిజానికది త్రెవెరిన్ లోయలో కట్టిన జలాశయం. అడుగున ఉన్నది కపెల్ కెలిన్, ఇంటా బయటా వెల్ష్ మాట్లాడుకున్న పల్లె. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్లు కావలసివచ్చాయి. 1956లో ఊరివాళ్లు ఆ నగర వీధుల్లో ఊరేగి మొరపెట్టుకున్నారు. మరుసటి ఏడాది పార్లమెంటు బిల్లుకు 36 మంది వేల్స్ ఎంపీల్లో ఒక్కరూ అనుకూలంగా ఓటేయలేదు. అయినా 1965లో బడి, పోస్టాఫీసు, ప్రార్థనాలయం, ఇళ్లు మునిగాయి. శ్మశానాన్ని కాంక్రీటుతో కప్పేశారు. లివర్‌పూల్ నగర పాలకులు క్షమాపణ చెప్పింది 2005లో, అంటే తీరిగ్గా నలభై ఏళ్లకు. అబెరిస్ట్విత్ దగ్గర ఓ పాడుబడిన గోడపై 'త్రెవెరిన్‌ను మరవకండి' అన్న వెల్ష్ రాత 1960ల నుంచీ ఉంది. 2019లో ఎవరో ఆ గోడను కొంత కూలగొడితే, వేల్స్ అంతటా ఊరూరా గోడలపై అదే రాత వెలిసింది.