మాటకు ముందే గీసిన ముఖాలు

నా మొదటి విజువల్ నవలకు మాటలు రాయకముందే ముఖాలు గీశాను. తక్కిన తప్పులన్నీ ఆ ఒక్కదాని నుంచి పుట్టినవే. అప్పుడు గీసిన బొమ్మల్లో ఎక్కువభాగం ఇప్పుడు కథలో లేవు, ఒక ఫోల్డర్‌లో పడి ఉన్నాయి. ఈ పని తలపెట్టిన కుర్రవాళ్ళు ముందు ఏం గియ్యాలి అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఆ ఫోల్డర్ కథే ఉంది.

విజువల్ నవల అంటే తెరమీద చదువుకునే కథ. వెనక ఒక దృశ్యం, ముందు నడుం పైభాగం కనబడేలా పాత్రల బొమ్మలు, కింద మాటల పెట్టె. చదివేవాళ్ళు నొక్కుతూ పోతే మాట వెనక మాట వస్తుంది. అక్కడక్కడా పాత్ర ఏం చెయ్యాలో వాళ్ళే ఎంచుకుంటారు. జపాన్‌లో పెరిగిన రూపం ఇది. టామ్ రోథామెల్ తయారుచేసిన రెన్‌పై అనే ఉచిత సాధనం 2004లో వచ్చాక ఎక్కడివాళ్ళయినా ఇంట్లో కూర్చుని ఒంటరిగా చేసుకునే వీలు కలిగింది. సినిమాలో నటుడి ముఖం క్షణానికో రకంగా మారుతుంది. ఇక్కడ బొమ్మ కదలదు. ఒక మాట దాటి ఇంకో మాటకు వెళ్ళేటప్పుడు ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వస్తుంది, అంతే. అందుకే ఏ ముఖం గియ్యాలి, ఏది గియ్యకూడదు అన్న నిర్ణయం కథ రాయడంలో భాగమే. నేను దాన్ని కథకు ముందు పూర్తిచేసుకోవలసిన సామాన్ల జాబితా అనుకున్నాను.

నా కథ మా నెల్లూరు తీరాన మైపాడు దగ్గర ఒక పట్టపుపాలెంలో, అంటే జాలర్ల పల్లెలో, జరుగుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని నిషేధం. పడవలు ఒడ్డుకెక్కుతాయి, వలలు బాగుచేసుకోవడం మొదలవుతుంది, చేబదుళ్ళూ మొదలవుతాయి. ఆ రోజుల్లో చెన్నైలో ఉద్యోగం మానేసి ఒక అమ్మాయి అవ్వ దగ్గరికి వస్తుంది. అవ్వ చేపల గంప మోసి బతికిన మనిషి. మేనమామకు బోటుంది, బోటు మీద అప్పుంది. నాలుగో మనిషి పాలెం కాపు, అంటే పాలెం పెద్ద. పదిమంది ఆయన మాట వింటారు.

ఈ నలుగురికీ నేను వేసుకున్న పట్టిక ఎంతో ముచ్చటగా ఉండేది. ఒక్కొక్కరికి మూడు భంగిమలు. ఒక్కో భంగిమకు తొమ్మిది ముఖాలు: మామూలు, నవ్వు, పెద్ద నవ్వు, బాధ, ఏడుపు, కోపం, ఆశ్చర్యం, సిగ్గు, భయం. మొత్తం 108 బొమ్మలు. నేను ఆడిన జపాన్ ఆటల్లో కనబడిన ముఖాలన్నీ అందులో ఉన్నాయి. గడులన్నీ నిండితే పాత్రలు సిద్ధమైనట్టేనని నమ్మాను.

గడులు సగానికిపైగా నిండాక మా పెద్దమ్మకు చూపించాను. ఆమె పాతికేళ్ళ పైన చేపలమ్మింది. కథలో అవ్వకు సగం ఆమే ఆధారం. అవ్వ కోపం బొమ్మలో కనుబొమలు కిందికి దిగి, నోరు తెరుచుకుని, పళ్ళు కనబడుతూ, పిడికిలి బిగిసి ఉంది. పెద్దమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. “ఎవుర్రా ఈమె? నాకు కోపమొస్తే ఇట్టా నోరు తెరుస్తానా? మాట్లాడను. నా పాటికి నేను చేపలు కోసుకుంటా ఉంటా. మీ పెదనాయనే వచ్చి, ఏందే అని అడగాల” అంది. ఏడుపు బొమ్మలో కన్నీళ్ళు చెంపలమీద ధారలు కట్టి ఉన్నాయి. “ఏడ్చేటప్పుడు ముఖం ఎవురికి చూపిస్తాంరా?” అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల పక్కకు తిప్పి చూపించింది. చేసి చూపించిన ఆ ఒక్క క్షణంలో నా తొమ్మిది గడులూ చెల్లకుండా పోయాయి.

ఆమె అడిగినది బొమ్మ బాగుందా లేదా అని కాదు. ఈ ముఖం ఎవరిది అని. ఆ ప్రశ్న నెల్లూరు వాళ్ళకు కొత్తదేమీ కాకూడదు. వేదం వేంకటరాయ శాస్త్రిగారు 1897లో ‘ప్రతాపరుద్రీయం’ రాసినప్పుడు పాత్రలన్నిటి చేతా ఒకే గ్రాంథికం పలికించలేదు. చాకలి పేరిగాడు చాకలి పేరిగాడిలాగే మాట్లాడాడు. పాత్రోచిత భాష మీద ఆనాడు పండితుల్లో పెద్ద వాదాలు నడిచాయి. ఆయన నాటక సమాజం పెట్టింది మా నెల్లూరులోనే. నూట పాతికేళ్ళ కింద ఒక పెద్దమనిషి మాట విషయంలో పట్టుబట్టి సాధించినదాన్ని నేను ముఖం విషయంలో మరిచిపోయాను. నా స్క్రిప్టులో అవ్వ నెల్లూరు యాసలో మాట్లాడుతుంది, కాపు ఇంకో తూకంతో మాట్లాడతాడు. ముఖాల దగ్గరికొచ్చేసరికి నలుగురికీ ఒకే గ్రాంథికం పెట్టాను.

బయట కూడా బాగా చేసినవాళ్ళు ఈ సంగతి గట్టిగా పట్టుకున్నారు. క్యాప్‌కామ్ 2001లో తెచ్చిన ‘ఏస్ అటార్నీ’లో కోర్టుకొచ్చే ప్రతి సాక్షికీ వాళ్ళకే చెందిన అలవాట్లుంటాయి. ఇరుకున పడినప్పుడు ఒకరు చేసేది ఇంకొకరు చెయ్యరు. ఆ ఆట నేను చాలాసార్లు ఆడాను. ముఖాల వేగం చూశాను తప్ప వాటి వెనకున్న ఎంపిక చూడలేదు.

సిగ్గు బొమ్మ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జపాన్ బొమ్మల్లో చెంపలమీద రెండు గులాబీ రంగు మచ్చలు పెడితే సిగ్గు. ఎండకు, ఉప్పుగాలికి నల్లబడిన మా తీరం పిల్ల చెంపమీద ఆ గులాబీ పూస్తే దద్దురు లేచినట్టుంది. రంగు ముదురు చేశాను, పలచన చేశాను, లాభంలేదు. సిగ్గు ఆ చెంపమీద లేదు. చూపు కిందికి దించడంలో, జడ ముందుకు లాక్కోవడంలో, చున్నీ అంచు వేలికి చుట్టుకోవడంలో ఉంది. ఆశ్చర్యమూ అంతే. కళ్ళు పెద్దవిచేసి నోరు గుండ్రంగా గీశాను. మన ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు, బుగ్గ నొక్కుకుంటారు. మూతి తిప్పడం, పెదవి విరవడం, నొసలు చిట్లించడం, గడ్డం పట్టుకుని బతిమాలడం, ఇవన్నీ రోజూ కళ్ళముందు జరిగేవే. వీటిలో ఒక్కటీ నా పట్టికలో లేదు. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది, చేపలమ్మే మనిషికి బేరం ముఖం గియ్యకపోవడం. గడ్డం కొంచెం పైకెత్తి, కొనేవాళ్ళను కాకుండా దారిన పోయేవాళ్ళను చూస్తూ, చెయ్యి మాత్రం గంప మీద ఉంచే ఆ ముఖం. అది కోపమా, నవ్వా, మామూలా? ఏ గడిలోనూ పట్టదు. అవ్వ బతుకంతా ఆ ముఖంతోనే గడిచింది.

రెండోసారి మొదలుపెట్టేటప్పుడు ఉద్వేగాల పేర్లు తీసేసి పనుల పేర్లు పెట్టాను. ‘వినీ విననట్టుంది’, ‘మాట మింగింది’, ‘లెక్క వేస్తోంది’, ‘బేరం’. ఫైలు పేరే అలా ఉంటే గీసేటప్పుడు చెయ్యి తప్పు దారిన పోదు.

ఆ దశలోనే నాట్యశాస్త్రం తెరిచాను. ఎనిమిదో అధ్యాయంలో భరతుడు ముఖాన్ని ముక్కలుగా విడదీస్తాడు. కనుబొమలకు 7 కదలికలు, ముక్కుకు 6, చెంపలకు 6, కింది పెదవికి 6, గడ్డానికి 7. చూపులు మాత్రం 36. ముఖం రంగుకు కూడా 4 స్థితులు చెప్పాడు. ఈ రోజు మేము లేయర్లు అంటున్నది ఇదే. రెన్‌పైలో కనుబొమలు, కళ్ళు, నోరు వేరువేరు ఫైళ్ళుగా పెట్టుకుని మాటను బట్టి కలుపుకోవచ్చు. కనుబొమలు 4, కళ్ళు 5, నోళ్ళు 5 గీస్తే 14 బొమ్మలతో 100 ముఖాలు వస్తాయి. నూరూ వాడం, వాడకూడదు కూడా. కానీ నవ్వే నోటి మీద నవ్వని కళ్ళు పెట్టే వీలు దొరుకుతుంది. “నాకేం కోపం లేదులే పాపా” అనే అవ్వకు అదే కావాలి. భరతుడి అంకెలు నాకు ఇంకొకటి కూడా నేర్పాయి: శ్రమ సమానంగా పంచకూడదు. నేను నోళ్ళమీద పెట్టిన పని కళ్ళమీద పెట్టాల్సింది.

అయితే మొదటి బొమ్మలను అలా ముక్కలు చేసుకునే అవకాశం నాకు లేకుండా పోయింది. మూడు భంగిమల్లో తలను మూడు వంపుల్లో గీశాను. ఒకదానికి గీసిన కళ్ళు ఇంకోదానికి అతకవు. తల ఒకే చోట, ఒకే వంపులో ఉంచి చేతులు మాత్రం మార్చి ఉంటే సగం పని తప్పేది. 2017లో వచ్చిన ‘డోకి డోకి లిటరేచర్ క్లబ్’ బొమ్మల్లో తల వేరు, ఒంటి ఎడమ సగం వేరు, కుడి సగం వేరు. ఒక చెయ్యి లేపాలంటే ఆ సగం మారిస్తే చాలు. ముఖం జోలికి పోనక్కర్లేదు. అంత సులువైన ఏర్పాటు ముందే ఎందుకు తట్టలేదంటే, నేను బొమ్మలను ఒక్కొక్కటి అందంగా ఉండాలని గీశాను, ఒకదానితో ఒకటి కలవాలని గీయలేదు.

చేతుల దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. 1920 బై 1080 తెరమీద రెన్‌పై మామూలుగా ఇచ్చే మాటల పెట్టె ఎత్తు 278 పిక్సెళ్ళు, అంటే తెరలో పావు భాగం. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. పెట్టె ఇంకా పెంచాను. నడుం మీద పెట్టుకున్న చెయ్యి, వల దారం పట్టుకున్న వేళ్ళు, గంప అంచు, ఎంతో ఓపికగా గీసినవన్నీ ఆ పెట్టె కిందికి వెళ్ళిపోయాయి. మామ బొమ్మలో అసలు విషయమంతా చేతుల్లోనే ఉంది. ఖాళీ బొమ్మకు ముందు మాటల పెట్టె పెట్టి, ఏది కనబడుతుందో చూసుకుని గీయాలని అప్పుడు తెలిసింది. చేతులు గుండెకు పైన ఉంటేనే కనబడతాయి.

అవ్వను తెరకు కుడివైపు పెట్టాల్సి వచ్చినప్పుడు బొమ్మను అద్దంలోలాగా తిప్పేశాను. జపాన్ స్కూలు బట్టల్లో ఉన్న పిల్లకు అది చాలావరకు చెల్లుతుంది. అవ్వకు పైట కుడి భుజం మీదికి వచ్చింది. ముక్కుపుడక ఇటునుంచి అటు మారింది. కథ చదివి చూసిన ఆడవాళ్ళందరూ మొదట ఆ విషయమే చెప్పారు, మగవాళ్ళు ఒక్కరూ గమనించలేదు. ఇప్పుడు చీర కట్టుకున్న ఏ పాత్రకైనా ఒంటిని రెండువైపులకూ విడిగా గీస్తాను. మూడో వంతు పని పెరుగుతుంది, పెరగనీ.

ఇంత పని పెంచుకుంటున్నప్పుడు తోలుబొమ్మలు నాకు ధైర్యమిచ్చాయి. మన ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోకెల్లా పెద్దవి, కొన్ని మనిషంత ఉంటాయి. భుజం, మోచెయ్యి, నడుం, మోకాలు దగ్గర కీళ్ళుంటాయి. ముఖం మాత్రం మారదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మారని ముఖంతో ఒక రాత్రంతా రామాయణం నడుస్తుందంటే, భావాన్ని మోసేది చెయ్యి ఊపూ, గొంతూ, ఎదురుగా నిలబడ్డ ఇంకో బొమ్మా. తొమ్మిది ముఖాలు లేకపోతే పాత్ర చచ్చిపోతుందన్న భయం నాకు అక్కడే పోయింది.

ఎదురుగా నిలబడ్డ బొమ్మ అన్నాను. నేను అసలు ఆలోచించనిది దాని గురించే. విజువల్ నవలలో ఒక పాత్ర తెరమీద ఉన్నంతసేపట్లో చాలాభాగం మాట్లాడదు, వింటూ ఉంటుంది. నేను గీసినవన్నీ మాట్లాడే ముఖాలు. మామ అప్పు సంగతి బయటపెట్టే దృశ్యంలో మనవరాలు ‘మామూలు’ ముఖంతో నిలబడి ఉంది. ఆ దృశ్యం చదివినవాళ్ళు ఆ పిల్లకు మనసు లేదా అని అడిగారు. మాటల్లో ఏ లోపమూ లేదు. వింటున్న ముఖం లేదు.

ఇప్పుడు ఒక అధ్యాయం మొత్తం రాశాకే బొమ్మల లెక్క తీస్తాను. ప్రతి మాట పక్కనా రెండు రాసుకుంటాను: అన్నవాళ్ళ ముఖం, విన్నవాళ్ళ ముఖం. తర్వాత ఏది ఎన్నిసార్లు వచ్చిందో చూస్తాను. ఒక్కసారే వచ్చిన ముఖాన్ని గీయను. ఆ చోట కథనంలో ఒక వాక్యం రాస్తాను, లేదా బొమ్మను తెరమీంచి తీసేస్తాను. అలా లెక్క తీస్తే వచ్చిన పంపకానికీ మొదటి పట్టికకూ పోలికే లేదు. అవ్వకు చూపులు ఎక్కువ, నోళ్ళు తక్కువ. వెనక్కి తిరిగి చేపలు కోసే భంగిమ ఆమె కోపం. ఆ బొమ్మలో ముఖమే కనబడదు. మామకు ముఖాలు తక్కువ, చేతులు ఎక్కువ. కాపుకు మూడంటే మూడు ముఖాలు. ఆయన పెద్దరికమంతా మారకపోవడంలో ఉంది. నాలుగో ముఖం ఇస్తే మామూలు మనిషైపోయాడు. మనవరాలికి రెండు రకాల నవ్వులు: ఫోన్‌లో చెన్నై స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఒకటి, పాలెంలో ఒకటి. రెండోది వచ్చేది కథ చివర్లోనే. మొదటి పట్టికలో ఆ నవ్వును మొదటి దృశ్యంలోనే ఖర్చుపెట్టేశాను. ఆ ఒక్క మార్పుకు కథ ఎంత బరువెక్కిందో చెప్పలేను.

ఇవన్నీ ముందే తెలుసుకునే వీలు ఆ సాధనంలోనే ఉంది. బొమ్మ లేకుండా పేరు మాత్రం రాస్తే, తయారీలో ఉన్నంతకాలం రెన్‌పై దాని బదులు ఒక నీడమనిషిని నిలబెట్టి, అడిగిన ముఖం పేరు కూడా చూపిస్తుంది. ఒక్క గీత గీయకుండా కథంతా ఆడించి చూసుకోవచ్చు. రెండో అధ్యాయంలో మామ కూతురు కొత్తగా వస్తుంది. ఆమె నవ్వుతుందో, మూతి తిప్పుతుందో నాకింకా తెలియదు. ఆమె చోట నీడమనిషిని పెట్టి, అవ్వ అడిగే “తిన్నావా పాపా”కు బదులుగా ‘విననట్టుంది’ అని రాసి ఆడించాను. కుదరలేదు. నిన్న దాన్ని ‘తల ఊపి గంప దింపింది’గా మార్చాను.