సెమినార్ అంటే నారుమడి

కాసేపు కూర్చోండి, ఒక మాట సంగతి చెబుతాను. కాలేజీ గేటుకు సెమినార్ అని బ్యానర్ కడితే, ఎవరో పెద్దలొచ్చి మాట్లాడతారని మనకు తెలిసిపోతుంది. దాన్నే తెలుగులో సదస్సు అంటున్నాం. కానీ ఆ మాట పుట్టింది సభలో కాదండీ, పొలంలో.

లాటిన్‌లో సెమెన్ అంటే విత్తనం. సెమినారియం అంటే మొక్కల్ని పెంచే మడి. అచ్చంగా మన నారుమడి. కోస్తాలో ఆకుమడి అంటారు.

నారుమడి ఎంత చాకిరీయో రైతు ఇంట పుట్టినవాళ్లకు తెలుసు. వడ్లు నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టాలి. ముక్కు పగిలి తెల్లటి మొలక కనిపించాక, దమ్ము చేసి చదును చేసిన మడిలో చల్లాలి. పిట్టల్ని తోలాలి. నీళ్లు పెట్టాలి, ఎక్కువైతే తీసెయ్యాలి. మూడు నాలుగు వారాలకు నారు పీకి నాట్లేస్తారు. మడి చిన్నదే, పొలమంతటికీ అదే ఆధారం.

సెమినారియం అన్న ఈ మాటను చదువులోకి తెచ్చింది చర్చి. పాదిరీలు కాబోయే కుర్రాళ్లను పెంచడానికి బళ్లు పెట్టాలని 1563లో ట్రెంట్ నగరంలో చేరిన చర్చి మహాసభ తీర్మానించింది. అవే సెమినరీలు. తర్వాత జర్మనీ అందుకుంది. 1787లో హాలే విశ్వవిద్యాలయంలో వోల్ఫ్ అనే పండితుడు ప్రాచీన భాషలు నేర్పే ఉపాధ్యాయుల్ని తయారుచేయడానికి సెమినార్ పెట్టాడు. బెర్లిన్‌లో చరిత్రకారుడు రాంకే అయితే కొద్దిమంది విద్యార్థుల్ని ఇంటికే పిలిపించుకునేవాడు. పాత పత్రాలు ముందేసుకుని, ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో వాళ్లచేతే తేల్పించేవాడు. కుర్రాడు రాసుకొచ్చింది చదవాలి, మిగతావాళ్లు తప్పులు పట్టాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. 1876లో మొదలైన అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఈ పద్ధతినే తెచ్చుకుంది.

అన్నట్టు, డిసెమినేట్ అన్నదీ ఈ విత్తనం మాటే. దాన్ని మనం వెదజల్లడం అంటాం. వెద అంటే విత్తడమే కదా! రెండు భాషల రైతులూ ఒకే మాట పలికినట్టుంది, నాకైతే ఒళ్లు పులకరించింది.

నారుమడిలో ఉండాల్సింది మొలకలు. మన సెమినార్లలో పిల్లలు వెనక వరుసల్లో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. అధ్యాపక మిత్రులారా, ఈసారి మీ కాలేజీలో సెమినార్ పెడితే మొదటి గంట వాళ్లకివ్వండి. వాళ్లు రాసుకొచ్చింది చదవనివ్వండి, మీరు వినండి.