సున్నాలో రెండు రకాలు

పెళ్ళయిన కొత్తలోనే మావారు నాకు ఇంటి తాళాలిచ్చారు, జీతం కవరిచ్చారు, ఆఖరికి తమ మార్కుల జాబితాలు కూడా (అవి ఏమంత చూపించుకోదగ్గవి కావు) నా బీరువాలో పెట్టమని అప్పగించారు. ఇవ్వనిదల్లా ఒక్కటే, మల్టీమీటరు. "దాన్ని ముట్టుకోకు, ముల్లు సున్నితం" అనేవారు. ముల్లు సున్నితమైతే మరి నేను మొరటా అని అడగాలని నాకు ముప్ఫై ఏళ్ళుగా ఉంది.

ఆయన స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు ఆ ప్లాంటును జాతికి అంకితం చేసిన నాటికి ఈయన అందులో అప్పటికే కొన్నేళ్ళ సీనియరు. రిటైరయ్యాక ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి పెదవాల్తేరులో సముద్రపుగాలి తగిలే ఫ్లాటుకొచ్చాం. తరవాత ఆయనకి గ్లకోమా అన్నారు. పేపర్లో హెడ్డింగులైతే చదువుతారు గానీ, మీటరు గాజు కింద వెంట్రుకలాంటి ముల్లు ఏ గీత మీద ఆగిందో కనపడదు. అలా ఓ రోజు కంటి చుక్కల సీసాతోపాటు మల్టీమీటరూ నా చేతికొచ్చింది. ఆయన పడక్కుర్చీలోంచి చెబుతారు, నేను పెట్టి చూస్తాను. ఆ ఏర్పాటు మీద మా కాపురం ఇప్పుడు సాగుతోంది.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. అరచేతికన్నా కాస్త పెద్ద నల్ల డబ్బా. పై సగంలో గాజు, గాజు కింద విసనకర్రలా పరుచుకున్న గీతలు, వాటి మీద తిరిగే ముల్లు. కింద సగంలో గుండ్రటి నాబ్. ఓ ఎర్ర తీగ, ఓ నల్ల తీగ, వాటి చివర ఇనప మొనలున్న పుల్లలు. ప్రోబులనాలట. నాకు పుల్లలే. 1920ల దాకా ఆంపియర్లకొక మీటరు, వోల్టులకొకటి, ఓములకొకటి విడివిడిగా మోసుకు తిరిగేవారట. ఇంగ్లండులో డొనాల్డ్ మెకాడీ అనే పోస్టాఫీసు ఇంజనీరు ఆ మోత పడలేక మూడింటినీ ఒక డబ్బాలో ఇమిడ్చాడు. 1923లో 'ఆవో' అనే పేరుతో అది బజారుకొచ్చింది. ఆ మూడు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. 2008 దాకా ఆ మీటర్లు తయారయ్యాయి. ఆవాలకో డబ్బా, మెంతులకో డబ్బా, జీలకర్రకో డబ్బా వెతుక్కుని విసిగిన ఏ మహాతల్లో పోపులపెట్టె కనిపెట్టి ఉంటుంది కదా, ఆమె పేరు మాత్రం ఎవరూ రాసి పెట్టుకోలేదు.

పోపులపెట్టెలో చెయ్యి తప్పు గిన్నెలో పడితే చారు పాడవుతుంది, అంతే. ఇందులో నాబ్ తప్పు చోట ఉంటే చెయ్యి కాలుతుంది. అందుకని మావారి మొదటి పాఠం పుల్లల గురించి కాదు, నాబ్ గురించి. "ముందు నువ్వు ఏమిటి అడుగుతున్నావో తేల్చుకో. తరవాతే ముట్టుకో" అన్నారు. గోడలోంచి వచ్చేది ఏసీ, ఇన్వర్టరు బ్యాటరీలో ఉండేది డీసీ. గోడ దగ్గరికెళ్ళేటప్పుడు ఏసీ వోల్టుల్లో అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గర పెట్టి, తరవాత కిందికి దిగాలి. మనవాళ్ళ కొలతల్లో చెప్పాలంటే ముందు కుంచం పట్టాలి, కుంచంలో అడుగున కనపడీ కనపడనట్టుంటే అప్పుడు మానిక, తవ్వ, సోల. కుంచెడు బియ్యం గిద్దలో పోస్తే గింజలు నేలపాలవుతాయి, మరి రెండొందల ముప్ఫై వోల్టులు పది వోల్టుల గీతల మీద పోస్తే ముల్లు ఆ చివరికి ఫెడేలున కొట్టుకుని వంగిపోతుంది.

అంతకన్నా భయపడాల్సింది ఆంపియర్ల వైపు. వోల్టులు చూసేటప్పుడు మీటరు పక్కన నిలబడి చూసే పెద్దమనిషి లాంటిది, తనలోంచి కరెంటును దాదాపు పోనివ్వదు. ఆంపియర్లకి తిప్పితే మాత్రం అది వట్టి తీగముక్కతో సమానం. ఆ స్థితిలో రెండు పుల్లలూ ప్లగ్గులో దూర్చడమంటే గోడలోని రెండు కన్నాలనూ ఓ తీగముక్కతో కలపడమే! పేలుతుంది. అందుకే పని కాగానే నాబ్‌ను ఏసీ పెద్ద వోల్టుల దగ్గరికి తిప్పి పెట్టమంటారు. ఇల్లు సర్దినా సర్దకపోయినా ఆ నాబ్ మాత్రం సర్దే పడుకుంటాను.

ఓముల గీత ఉర్దూ రాతలా కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, సున్నా కుడి చివర ఉంటుంది. తీగ తెగిందా అతికే ఉందా చూడ్డానికి మీటరు తన లోపలి బ్యాటరీ నుంచే కాస్త కరెంటు పంపి చూస్తుంది. కాబట్టి చూసే వస్తువు ప్లగ్గులోంచి పీకేసి ఉండాలి. పుల్లలు రెండూ ఒకదానికొకటి తాకించి, ముల్లును సరిగ్గా సున్నా మీదికి తెచ్చుకున్నాకే మొదలుపెట్టాలి. గీతల కింద సన్నటి అద్దం ముక్క ఒకటుంటుంది. ఓ కన్ను మూసి, ముల్లు దాని నీడను కప్పేసేలా చూసి అంకె చదవాలి. "అద్దం చూడ్డం నీకు నేర్పాలా?" అన్నారు మావారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన వేసిన మంచి హాస్యాల్లో ఇదొకటి.

ఇవన్నీ వారం రోజుల్లో వచ్చేశాయి. నాకు తలకెక్కడానికి ఎక్కువ రోజులు పట్టింది ఒక్క సున్నాయే.

వోల్టులు చూస్తున్నాం, ముల్లు కదల్లేదు. అంటే ఏమిటి? కరెంటు లేదనే కదా మనమంటాం. "మీటరు బతికే ఉందని నీకెవరు చెప్పారు?" అంటారీయన. పుల్ల దగ్గర తీగ లోపల తెగి ఉండొచ్చు. మీటరులో ఫ్యూజు పోయి ఉండొచ్చు. నాబ్ తప్పు చోట ఉండొచ్చు. కరెంటు లేని సున్నా ఒకటి, మీటరే చచ్చిపోయిన సున్నా ఇంకొకటి. గాజు కింద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకని ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి ముల్లు లేస్తోందని చూసుకోవాలి, తరవాత అసలు చోట, ఆ తరవాత మళ్ళీ మొదటి చోట. మూడుసార్లు. ప్లాంటులో సర్క్యూట్ ముట్టుకునే ముందు ఫ్యూజులు పీకి, తాళం వేసి, బోర్డు తగిలించి, ఇంత చేసినా ఈ మూడుసార్ల చూపు మానేవారు కారట. స్తంభమెక్కే లైన్‌మన్లు 'ఎల్సీ' తీసుకున్నామంటారే, అదీ ఇలాంటి కట్టుబాటే. ఫలానా లైను ఆపాం, మేం చెప్పేదాకా వెయ్యకండి అని.

ఇళ్ళల్లో మనకి ఎల్సీలు ఎవరిస్తారు? మెయిన్ ఆపేశాం కదా అనుకుంటాం. ఇన్వర్టరున్న ఇంట్లో మెయిన్ ఆపినా లైట్ల లైనూ ఫ్యాన్ల లైనూ బతికే ఉంటాయి. ఈ సంగతి తెలీని ఇల్లాళ్ళే కాదు, ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీద విరుచుకుపడ్డప్పుడు చూశాం కదా. వేలకొద్దీ స్తంభాలు కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటరు తెచ్చుకున్నవాళ్ళలో ఎవరైనా తొందరకొద్దీ దాన్ని ఇంటి వైరింగులోకే కలిపేస్తే, మెయిన్ ఆపకపోతే, ఆ కరెంటు వెనక్కి వీధి తీగల్లోకి పోతుంది. వీధంతా చీకటి, స్తంభం మీద మనిషి చేతిలో మాత్రం చావు. "ఊరంతా కరెంటు లేదు" అన్న మాట ఆ వారమంతా మావారికి కంటకంగా ఉండేది.

సరే, నాలుగో అంతస్తు సంగతి చెబుతాను. అక్కడ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కొత్త జంట ఉన్నారు. ఆ అమ్మాయికి ఏడాది నిండని పిల్లాడు, నేల మీద పాకుతూ దొరికిందల్లా పట్టుకుని నిలబడే వయసు. ఓ ఉదయం వచ్చి, "గ్రైండరు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంతంది పిన్నీ. ఎలక్ట్రీషియనొచ్చి టెస్టరు పెట్టి చూసి, ఏటీ లేదు, చెప్పులేసుకుని రుబ్బుకోండమ్మా అనీసి వెళ్ళిపోయాడు" అంది. పాకే పిల్లాడికి చెప్పులెవరేస్తారు?

నేను మీటరు, కొయ్యపీట పట్టుకెళ్ళాను. మావారు గోడ పట్టుకుని మెల్లిగా వెనకే వచ్చారు. ముందు గ్రైండరు ప్లగ్గు పీకించి ఓముల్లో చూశాను. ప్లగ్గు లావుపాటి పిన్నుకీ గ్రైండరు ఒంటికీ మధ్య ముల్లు సున్నాకి పోయింది, అంటే లోపల ఎర్తు తీగ బాగానే ఉంది. ఫేజు పిన్నుకీ ఒంటికీ మధ్య ముల్లు అసలు కదలకూడదు, కాస్త కదిలింది. మోటారులో చెమ్మ చేరింది. (కదలకపోయినా పూర్తిగా నమ్మకూడదట. దాన్ని తేల్చేది మెగ్గరు, అది షాపుల్లో ఉంటుంది.)

తరవాత గోడ ప్లగ్గు. చేతులు పొడిగా తుడుచుకుని, చెప్పులతో పీటెక్కాను. ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకోమన్నారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందట. ఎదురుగా నిలబడితే కుడివైపు ఫేజు, ఎడమ న్యూట్రల్, పైన పెద్ద కన్నం ఎర్తు. నల్ల పుల్ల ముందు, ఎర్ర పుల్ల తరవాత, ఒక్క చేత్తో. ఫేజు, న్యూట్రల్ మధ్య 225. న్యూట్రల్, ఎర్తు మధ్య సున్నా. ఆ సున్నా చూసి ఆ అమ్మాయి హమ్మయ్య అంది. "ఆగు" అన్నారు మావారు. "ఎర్తు బాగున్నా అక్కడ సున్నాయే, అసలు ఎర్తే లేకపోయినా ఈ మీటరుకి అక్కడ సున్నాయే. ఫేజుకీ ఎర్తుకీ చూడు." మళ్ళీ 225 రావాలి. ముల్లు కదిలీ కదలనట్టు అడుగునే పడుకుంది. మళ్ళీ ఫేజు, న్యూట్రల్. 225. మీటరు బతికే ఉంది. చచ్చింది ఎర్తు.

ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర చూస్తే అక్కడ సక్రమంగానే ఉంది. అంటే వంటగట్టు మీది బోర్డులోనే లోపం. టెస్టరు ఫేజు ఉందా లేదా అన్నదే చెబుతుంది గానీ, ఎర్తు ఉందో లేదో దానికి తెలీదు. పాపం ఆ ఎలక్ట్రీషియను అబద్ధమాడలేదు, అడగాల్సిన ప్రశ్న అడగలేదంతే.

సాయంత్రం ఇంకో అబ్బాయి వచ్చి, మెయిన్ ఆపి, మావారి మూడుసార్ల తతంగం అయ్యాక బోర్డు విప్పాడు. ఎర్తు తీగ స్క్రూ దగ్గర ఉప్పుగాలికి పచ్చగా పొడిపొడి అయి విడిపోయి ఉంది. కొత్త తీగ బిగించాక ఫేజు, ఎర్తు మధ్య 225 వచ్చింది. మోటారు బాగుకి గ్రైండరు షాపుకెళ్ళింది. మెయిన్ దగ్గర ముప్ఫై మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించమన్నారు మావారు. ఆ మర్నాడే పెట్టించుకున్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు మీటరు కొనుక్కుంటానంటోంది. ముల్లుదా, అంకెలదా అని అడిగింది. పక్కనున్న తీగల వల్ల ఖాళీ తీగలో కూడా అరవయ్యో డెబ్బయ్యో చూపించి అంకెల మీటర్లు కంగారు పెడతాయి, ముల్లు మీటరు అలాంటి దొంగ వోల్టులకి అంతగా లొంగదు. అయినా సరే, అంకెలదే కొనుక్కో అన్నారు మావారు! మా పాత డబ్బా మీద భద్రత తరగతి ఏదీ రాసి లేదు, కొత్తవాటి మీద 'క్యాట్' అని వేసి ఉంటుంది, మెయిన్ బోర్డు దాకా వెళ్ళాలంటే 'క్యాట్ త్రీ' ఉన్నదే పట్టుకోవాలి. మా మీటరును ఆయన మెయిన్ బోర్డు దగ్గరికి నన్ను తీసుకెళ్ళనివ్వరు. ఆ అబ్బాయి బోర్డు విప్పినప్పుడు కూడా మా తతంగమంతా వంటగట్టు దగ్గరే సాగింది.

నిన్న దాని బ్యాటరీ మార్చాను. పాతది చెమ్మకి ఉబ్బడం మొదలెట్టింది. "ముల్లు సున్నితం, జాగ్రత్త" అన్నారు పడక్కుర్చీలోంచి. తెలుసు లెండి అన్నాను.