నిజాంపట్నంలో సెల్ఫు కొట్టని ఇంజను

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు వేటకు వెళ్లకూడదు. అలాగని నిజాంపట్నం రేవు ఊరికే ఉండదు. వలలు బాగుచేసేవాళ్లూ, పడవలకు రంగులేసేవాళ్లూ, ఇంజన్లు విప్పేవాళ్లూ ఎవరి పనిలో వాళ్లుంటారు. గుంటూరు నుంచి బయల్దేరితే మిర్చి, పత్తి చేలు వెనకబడి, తెనాలి, రేపల్లె మీదుగా వరి మాగాణులు వస్తాయి. ఆ తర్వాత రొయ్యల చెరువులు, ఉప్పుగాలి. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఆగిన రేవుల్లో ఇదొకటి. అప్పటి రాతల్లో దీని పేరు పెటపోలి. 2022లో బాపట్ల జిల్లాకు వెళ్లిపోయినా మా గుంటూరువాళ్లకు ఇది ఇంకా సొంత రేవే.

నేను వెతుక్కుంటూ వెళ్లింది అవుట్‌బోర్డు ఇంజన్లు బాగుచేసే ఒక రేకుల షెడ్డు కోసం. అక్కడి మెకానిక్ పని నేర్చుకున్నది ట్రాక్టర్ల మీద. ఫైబర్ పడవలకు తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న ఇంజన్లుంటే సరిపోతుంది కానీ, జనాన్ని తిప్పే బోట్లకూ వరదల్లో తిరిగే బోట్లకూ సెల్ఫు కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ వీధుల్లో మరబోట్లు తిరగడం అందరం చూశాం. అలాంటి చోట తాళం తిప్పగానే ఇంజను అందుకోకపోతే ఎంత కష్టమో చెప్పాలా?

నేను వెళ్లేసరికి ఒక కుర్రాడు బోటు తెచ్చి నిలబడి ఉన్నాడు.

“అన్నా, సెల్ఫు మోటారు పోయింది. కొత్తది వేసెయ్.”

“పోయిందని నీకెవరు చెప్పార్రా? తాళం తిప్పితే ఏమంటోంది?”

“టకటకమంటోంది.”

“అయితే రెండే. బ్యాటరీలో సత్తువన్నా లేదు, ఆ సత్తువ దారిలోనన్నా ఆగిపోతోంది.”

అసలు ఏ చప్పుడూ లేకపోతే గేరు న్యూట్రల్లో ఉందా, ఫ్యూజు బాగుందా అని ముందు చూస్తాడట. సెల్ఫు తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే ఎమర్జెన్సీ స్విచ్ తాడు క్లిప్పు ఊడిందేమో చూడాలి. దాన్ని మరిచిపోయి కార్బురేటర్ విప్పేసినవాళ్లున్నారని నవ్వాడు.

మీటరు తెచ్చి బ్యాటరీ మీద పెట్టాడు: 12.6 వోల్టులు. కుర్రాడు తాళం తిప్పాడు. టకటక. అయినా 12 కిందికి దిగలేదు. అది 9.6 కన్నా కిందికి పడిపోయి ఉంటే తప్పు బ్యాటరీదని తేలేది. తర్వాత మీటరు ఒక పుల్లను బ్యాటరీ మైనస్‌కూ, రెండోదాన్ని ఇంజను దిమ్మకూ ఆనించి, మళ్లీ తాళం తిప్పించాడు. అర వోల్టుకు మించకూడని చోట అంకెలు మూడు, నాలుగు దాకా ఎగిరాయి.

“ట్రాక్టరుకు ఒళ్లంతా ఎర్తే సార్. ఇక్కడ పడవ ఫైబరు. ఇంజను వెనక వేలాడుతూ ఉంటుంది. తిరిగొచ్చే దారి ఈ ఒక్క మైనస్ వైరే.”

ఆ వైరు చివర నట్టుతో బిగించే లగ్గు పైకి తళతళలాడుతోంది. తొడుగు రెండంగుళాలు చీల్చాడు. లోపల రాగి తీగలు ఆకుపచ్చ చిలుము పట్టి, నలిపితే పొడిగా రాలాయి. ఉప్పుగాలికి లగ్గు సందు చాలు, తీగల వెంట పాకిపోతుంది.

సెల్ఫు అందుకోనప్పుడు దానికి కరెంటు పంపే రిలే రెండు కొసలకూ స్క్రూడ్రైవర్ తగిలించి ఇంజను తిప్పే అలవాటు ఇక్కడ చాలామందికి ఉంది. నాకది నచ్చలేదు, మెకానిక్‌కూ నచ్చదు. పెట్రోలు ఆవిరి పక్కనే నిప్పురవ్వ పుడుతుంది. గేరులో ఉంటే పంకా తిరిగి చేతులు తెగుతాయి.

తగరం పూసిన రాగి వైరు కొలిచి కోసి, లగ్గు గట్టిగా నొక్కి, జిగురున్న తొడుగు వేడిచేసి బిగించాడు. గ్రీజు రాసింది నట్టు బిగించాకే. ఇంజను కాలును నీళ్ల డ్రమ్ములో దించి తాళం తిప్పితే ఒక్కసారికే అందుకుంది. నీళ్లు లేకుండా తిప్పితే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది. కుర్రాడి సెల్ఫు మోటారు ఉన్నచోటే ఉంది, దాని స్క్రూ ఒక్కటి కూడా విప్పలేదు.

బోట్లున్నవాళ్లకు నా మనవి ఒక్కటే: జూన్ 14 రాకముందే ఆ మైనస్ వైరు రెండు కొసలూ విప్పి చూసుకోండి. చేత్తో స్టార్ట్ చేసే వీలున్న ఇంజనయితే దాని తాడు బోటులో ఉందో లేదో కూడా చూడండి.