గోడకు ఇవతల

21 ఏప్రిల్ 2025, సోమవారం
పాస్కా మర్నాడు. మధ్యాహ్నం వార్త. ఫ్రాన్సిస్ పోపుగారు పోయారు. అమ్మ జపమాల తీసుకుని కూర్చుంది. నాకు 2023 నవంబరులో ఆయన దైవశాస్త్రం గురించి రాసిన లేఖ గుర్తొచ్చింది. గదిలో కూర్చుని ఆలోచిస్తే చాలదని, జనం బతుకుల మధ్య నిలబడి ఆలోచించమని. ఏ జనం? అందులో మా పేట కూడా ఉందా?

8 మే, గురువారం
రాత్రి తెల్లపొగ. పదిన్నర దాటాక కొత్త పోపుగారి పేరు తెలిసింది. లియో. ఓటేసినవాళ్లలో పూల ఆంథోనీ గారు ఉన్నారు. కర్నూలు జిల్లాలో పుట్టిన మనిషి. మొదటి దళిత కార్డినల్. నాన్న టీవీ ముందునుంచి లేవలేదు. "మనోడు లోపలున్నాడమ్మా" అని నాతో మళ్లీ మళ్లీ అన్నాడు. నిజమే నాన్నా. రోములో మనవాడికి కుర్చీ ఉంది. ఊరి సమాధుల దొడ్డిలో తాతకి మాత్రం కులం గోడకు ఇవతలే చోటు.

15 జూన్, త్రిత్వ ఆదివారం
సత్యోపదేశం క్లాసులో పిల్లలకి నైసీయా మహాసభ గురించి చెప్పాను. 325లో జరిగింది, ఇప్పటికి 1700 ఏళ్లు. కుమారుడు తండ్రికంటే తక్కువవాడని అరియస్ అన్నాడు. కాదు, సమానుడే అని సభ తేల్చింది. వెనక వరుసలో పిల్ల లేచి, "టీచర్, అయితే దేవుడిలో పెద్దా చిన్నా లేరా?" అంది. లేరమ్మా అన్నాను.
ఇంటికొచ్చాక కూడా ఆ మాటే. దేవుడిలో లేని హెచ్చుతగ్గులు ఆయన పేరున జ్ఞానస్నానం పొందినవాళ్లలో ఎక్కణ్నుంచి వచ్చాయి? ప్రతి ఆదివారం విశ్వాస సంగ్రహం చెబుతాం. ఏమని చెబుతున్నాం?

10 ఆగస్టు, ఆదివారం
నల్ల బ్యాడ్జీలు. 1950లో ఇదే రోజు ఎస్సీలెవరో చెప్పే రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో దారి తెరిచారు. మనకి లేదు. చెల్లి సర్టిఫికెట్లో బీసీ-సి.
ప్రసంగంలో ఢిల్లీని గట్టిగా నిలదీశారు. చప్పట్లు కొట్టాను. క్రైస్తవులమయ్యాం కాబట్టి ఎస్సీలం కామంటుంది సర్కారు. సమాధుల దొడ్డి ఇంకోలా చెబుతుంది. ఆ మాట ప్రసంగంలో రాలేదు. ఎందుకు రాలేదు?

9 అక్టోబరు, గురువారం
పేదల మీద ప్రేమ గురించి లియో పోపుగారి మొదటి ఉపదేశం. ఫ్రాన్సిస్ గారు మొదలుపెట్టిందే, ఈయన పూర్తిచేశారు. పేదలు మనకి సువార్త నేర్పేవాళ్లని ఉంది. అక్కడే ఆగిపోయాను.
గుత్యేరెస్ గుర్తొచ్చారు. లీమాలో నిరుడు ఇదే నెలలో పోయారు. విమోచన దైవశాస్త్రం మీద ఆయన పుస్తకం 1971 నాటిది. రోములో ఎన్ని అనుమానాలు పడ్డారు ఆయన మీద!
నాయనమ్మకి చదువు రాదు. "యేసుసామి మనింటికి వత్తాడు, పెద్దింటోళ్లే రారు" అనేది. దివ్యసత్ప్రసాదం గురించి, సభ గురించి ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

1 నవంబరు, శనివారం
కార్డినల్ న్యూమన్‌ని ఇవాళ సభ పండితుడిగా ప్రకటించారు. 1859లో ఆయన రాసిన వ్యాసం మళ్లీ తీశాను. నైసీయా తర్వాత చాలామంది పీఠాధిపతులు తడబడితే విశ్వాసాన్ని మామూలు జనం నిలబెట్టారని రాశాడు. ఆ వ్యాసం మీద రోముకి ఫిర్యాదు వెళ్లింది. ఈ రోజు అదే రోము ఆయన్ని గురువు అంది.
ప్రశ్నలు అడిగితే సభకి దూరమైపోతానని అమ్మ భయం. వదిలేసే ఉద్దేశమే ఉంటే అడగడం దేనికమ్మా?

2 నవంబరు, సమాధుల పండుగ
పూజ ఒకటే. ప్రార్థన ఒకటే. తీర్థం ముందు అటు చల్లారు, తర్వాత ఇటు. ఎప్పుడూ ఇంతే. తాత సమాధి కడిగి పూలు పెట్టాం. పక్కనే ఎవరో అన్నారు, "మీకూ చోటు ఇచ్చారు కదా" అని. ఇచ్చారు.
అమ్మ ఏమీ అనలేదు. వచ్చే దారిలో మాత్రం, "నన్నూ ఇటే పెడతారు" అంది.

5 నవంబరు, బుధవారం
నిన్న రోము నుంచి మరియ తల్లి మీద ప్రకటన. ఆమెను సహ రక్షకి అనడం తగదని. రక్షకుడు క్రీస్తు ఒక్కడే. అమ్మకి చదివి వినిపించాను. గుణదల మొక్కు మానాలా అని కంగారుపడింది. అక్కర్లేదమ్మా, తల్లి తల్లే అన్నాను. కాసేపాగి, "అంత భక్తితో చెప్పుకునే మాటనే సరిచేశారే! మరి గోడ?" అంది.
ఈ రాత్రే అర్జీ రాయడానికి కాగితం తీశాను.

16 నవంబరు, పేదల దినం
పూజ అయ్యాక విచారణ సంఘానికి అర్జీ ఇచ్చాను. మూడు సంగతులు రాశాను. నైసీయా ఒప్పుకోలు. మనుషుల మధ్య వివక్ష దేవుని సంకల్పానికి విరుద్ధమని 1965లో రెండవ వాటికన్ మహాసభ చెప్పిన మాట. కుల వివక్ష ఘోరమైన సామాజిక పాపమని 2016లో మన పీఠాధిపతుల సమితే ఒప్పుకున్న సంగతి. ఫాదర్ గారు నిలబడే చదివారు. "ఇది మేత్రాణుల దాకా పోతుందమ్మా" అన్నారు. పోనివ్వండి ఫాదర్ అన్నాను.
నా సంతకం కింద అమ్మ వేలిముద్ర ఉంది.
ఆ గోడ స్థలం తగాదా కాదు. విశ్వాస సంగ్రహానికి విరుద్ధం. కూల్చాలి.