ముందే వడ్డించిన విస్తరి

ఫోను గోప్యత గురించి మనవాళ్ల మాటలు వింటే ఎక్కువగా రెండు వాదాలు వినిపిస్తాయి. "మన సంగతంతా వాళ్లకు ఎప్పుడో తెలిసిపోయింది, ఇంకా దాచేదేముంది?" అనేది ఒకటి. "జనానికి బుద్ధి లేదండీ, ఏది కనిపిస్తే దానికి అలో నొక్కేస్తారు" అనేది రెండోది. మొదటిది నిస్పృహ, రెండోది ఎద్దేవా. పైకి ఎదురెదురుగా కనిపించినా రెండూ చివరికి ఒకే చోట తేలతాయి: తప్పంతా వాడేవాడిదే. ఈ నమ్మకం ఎంతగా పాతుకుపోయిందంటే, ఫలానా యాప్ జనం సమాచారం లాగేసిందని వార్త రాగానే "మరి పర్మిషన్ ఎందుకిచ్చారు?" అనే ప్రశ్నే ముందు వస్తుంది. ఈ ప్రశ్న అడగవలసింది వేరొకరినని నా అభిప్రాయం. గోప్యత మన భావాలను బట్టి గానీ, జాగ్రత్తను బట్టి గానీ తేలే వ్యవహారం కాదు. ఫోను డబ్బాలోంచి బయటికి వచ్చేసరికే అందులో ఏ స్విచ్ ఎటు వేసి ఉందన్న దాన్ని బట్టి చాలావరకు తేలిపోతుంది. పెళ్లి విందులో విస్తట్లో ముందే వడ్డించి ఉన్నది తింటాం. అడిగి వేయించుకునేది తక్కువ, వద్దని పక్కకు తీసిపెట్టేవాళ్లు మరీ తక్కువ. కంప్యూటర్ల వాళ్లు డిఫాల్ట్ అనేది ఈ వడ్డననే.

దీనికి అందరికీ తెలిసిన సాక్ష్యం వాట్సాప్. 2016 ఏప్రిల్‌లో ఆ సంస్థ సందేశాలన్నిటికీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టింది. పంపినవారి ఫోనుకూ అందుకున్నవారి ఫోనుకూ తప్ప మధ్యలో ఎవరికీ, ఆఖరికి వాట్సాప్ సర్వర్లకు కూడా తెరుచుకోని తాళం అది. దాని కోసం ఎవరూ సెట్టింగ్స్‌లోకి వెళ్లలేదు, ఏ బటనూ నొక్కలేదు. అప్పటికే వంద కోట్లు దాటిన వాడకందార్లందరికీ అది దానంతట అదే పడింది. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు పంపే పెదనాన్నకూ, తన వార్తకు మూలం ఎవరో బయటపడకూడదనుకునే విలేకరికీ ఒకే తాళం. అదే వాట్సాప్ చాట్ల బ్యాకప్‌కు ఇలాంటి తాళాన్ని 2021 అక్టోబరులో ఇచ్చింది, కానీ అది కావాలనుకున్నవాళ్లు లోపలికి వెళ్లి వెతుక్కుని వేసుకోవలసినది. ఇక టెలిగ్రామ్ సంగతి మరీ విచిత్రం. అది మహా రహస్యమైన యాప్ అని మన ఊళ్లలో గట్టి పేరుంది. నిజానికి అందులో మామూలు చాట్లకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండదు. విడిగా సీక్రెట్ చాట్ మొదలుపెడితేనే ఉంటుంది, గ్రూపులకైతే అదీ లేదు. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ చూసి కోపం వచ్చి టెలిగ్రామ్‌కు మారినవాళ్లలో చాలామంది, సందేశాల వరకు చూస్తే, తాళం ఉన్న గదిలోంచి లేని గదిలోకి వెళ్లారు. వాళ్లకు గోప్యత పట్టదని ఎవరూ అనలేరు. దానికోసమేగా మారింది! పట్టింపు ఉన్నా వడ్డించినదే దక్కింది.

డిఫాల్ట్ విలువ మనకు తెలియకపోయినా కంపెనీలకు రూపాయి అణాలతో సహా తెలుసు. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్‌లో గూగుల్ సెర్చ్ ముందే పెట్టి ఉంచినందుకు 2022 ఒక్క ఏడాదిలో గూగుల్ ఆపిల్‌కు చెల్లించింది 2000 కోట్ల డాలర్లు. అమెరికాలో గూగుల్ మీద నడిచిన గుత్తాధిపత్యం కేసులో బయటపడ్డ లెక్క ఇది. 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా గూగుల్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఐఫోన్ వాడేవాళ్లు సెర్చ్ ఇంజన్‌ను ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఎవరూ వెచ్చించరన్న నమ్మకం మీదే అంత డబ్బు చేతులు మారింది. అదే ఆపిల్ 2021 ఏప్రిల్‌లో మరో స్విచ్‌ను తిప్పింది. అప్పటిదాకా యాప్‌లు తమను వాడేవారిని ఇతర యాప్‌లలోనూ సైట్లలోనూ అడగకుండానే వెంటాడి చూడగలిగేవి. ఆ తర్వాత ముందుగా అడిగి తీరాలి. ఎదురుగా ప్రశ్న కనిపించేసరికి పెద్ద సంఖ్యలో జనం వద్దన్నారు. ఆ మార్పు వల్ల 2022లో తమకు దాదాపు 1000 కోట్ల డాలర్ల ఆదాయం తగ్గుతుందని ఫేస్‌బుక్‌ను నడిపే మెటా సంస్థే అంచనా చెప్పుకుంది. జనానికి గోప్యత పట్టదన్న మాటకు ఇంతకంటే పెద్ద సమాధానం నాకు కనిపించదు. మనిషి మారలేదు, బుద్ధి కొత్తగా పుట్టలేదు. ప్రశ్న సూటిగా, సరైన వేళకు, వద్దనడానికి అంతే సులువుగా ఉండేలా అడిగారంతే.

"దాచేదేముంది" వాదానికి జవాబు మాత్రం అమెరికాలో వెతకనక్కర్లేదు. 2020 డిసెంబరులో తెలంగాణలో ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వరసగా వచ్చాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి, కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. బంగారం, పొలం కాగితాలు అడగని అప్పు అది. తాకట్టు పెట్టించుకున్నది కాంటాక్టుల జాబితాను. యాప్ వేసుకునేటప్పుడే కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగేది, ఇవ్వకపోతే ముందుకు కదిలేది కాదు. వాయిదా తప్పగానే అప్పు తీసుకున్నవాడి వియ్యంకుడికి, ఆఫీసులో పైఅధికారికి, ఎప్పుడో నంబరు సేవ్ చేసుకున్న గ్యాస్ బండ కుర్రాడికి కూడా ఫోన్లు వెళ్లేవి. మార్ఫింగ్ చేసిన ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేవి. ఇందులో అప్పు తీసుకున్నవాడు దాచిన నేరమేదీ లేదు. అప్పు చేయడం నేరం కాదు, కానీ అది ఊరందరికీ తెలియడం మన సమాజంలో చిన్న విషయమూ కాదు. గోప్యత అంటే తప్పుడు పని దాచుకోవడం అనుకునేవాళ్లు ఈ తేడా ఒకసారి చూడాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ జాబితాలో ఉన్న మూడు నాలుగు వందల మంది ఎవరూ ఏ పెట్టెలోనూ అలో నొక్కలేదు. ఒకరి వేలు కదిలితే అంతమంది నంబర్లు వెళ్లిపోయాయి. కాబట్టి "నా ఫోను, నా ఇష్టం" అన్న మాట కూడా ఇక్కడ సగమే నిజం.

ఆ తర్వాత పరిస్థితి కొంత మారింది, అయితే వాడేవాళ్లు హఠాత్తుగా జాగ్రత్తపరులైపోయినందువల్ల కాదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పుల మార్గదర్శకాల్లో, రుణ యాప్‌లు కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాల జోలికి పోకూడదని చెప్పింది. 2023 మే నెలాఖరు నుంచి గూగుల్ ప్లే కూడా వ్యక్తిగత రుణ యాప్‌లకు కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతిని నిషేధించింది. దొంగదారి యాప్‌లు ఇంకా ఉన్నాయి, అది వేరే పోరాటం. అడ్డు పడిన చోట మాత్రం పడింది అలో బటన్‌కు ముందు, వాడేవాడి చేతిదాకా రాకుండా. దుకాణాల్లోనూ ఇదే కథ. బిల్లు కౌంటర్లో ఫోన్ నంబరు చెప్పందే బిల్లు కొట్టం అనే సూపర్ మార్కెట్లను ఉద్దేశించి 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, నంబరు కోసం పట్టుబట్టవద్దని సలహా పత్రం ఇచ్చింది. వెనక ఇరవై మంది క్యూలో నిలబడి ఉండగా "ఇవ్వను" అని వాదించే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

ఇక్కడ ఓపెన్ సోర్స్ అభిమానులు ఒక మాట అంటారు: సోర్సు కోడు అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్ వాడితే ఈ బాధలన్నీ ఉండవు కదా అని. నేనూ ఆ పక్షమే గానీ, ఆ మాటను అలాగే ఒప్పుకోలేను. 2012 అక్టోబరులో విడుదలైన ఉబుంటు 12.10ను గుర్తు చేసుకోండి. లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రకాల్లో బహుశా ఎక్కువ మందికి తెలిసిన పేరు. అందులో సొంత కంప్యూటర్లోని ఫైలు కోసం వెతికినా, ఆ వెతికిన మాట ఉబుంటును తయారుచేసే కనానికల్ సంస్థ సర్వర్లకు వెళ్లి, అమెజాన్ సరుకులు ఫలితాల్లో కనిపించేవి. కోడంతా బహిరంగమే, అయినా వడ్డన అదీ! స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని నిఘా సాఫ్ట్‌వేర్ అని తిట్టిపోశాడు. అది డిఫాల్ట్‌గా ఆగిపోవడానికి 2016 ఏప్రిల్‌లో వచ్చిన 16.04 దాకా పట్టింది. భద్రత విషయంలోనూ అంతే. వెబ్‌సైట్ల రాకపోకలకు తాళం వేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ అనే లోపం 2012లో చొరబడి 2014 దాకా అందరి కళ్లముందే ఉండిపోయింది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసినట్టు నటించిన ఒకడు పెట్టిన దొంగ తలుపు దొరికిందంటే, లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుబట్టి తవ్వినందువల్లే. వెయ్యి కళ్లు చూస్తున్నాయన్నది ధైర్యవచనం. చూసిన కన్ను ఒక్కటి, అదీ వేరే పని మీద ఉండగా.

మరి ఓపెన్ సోర్స్ వల్ల మేలేమిటి? అందరూ కోడు చదువుతారని కాదు. నాతో సహా కోట్లమంది ఒక్క వరుసా చదవం. వడ్డన నచ్చనివాడు తానే మళ్లీ వడ్డించగలడు, మేలు అక్కడుంది. ఉబుంటు ఆ అమెజాన్ వెతుకులాట పెట్టిన రోజుల్లోనే, దాని మీదే కట్టిన లినక్స్ మింట్ దాన్ని తీసుకోలేదు. ఉబుంటులో ఉండిపోయినవాళ్లకు కూడా ఒక్క కమాండుతో ఆ ప్యాకేజీ పీకేసే వీలు, అది ఏం పంపుతోందో రుజువులతో చెప్పే వీలు దొరికాయి. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో మనకు మిగిలేది సంస్థ చెప్పే మాట ఒక్కటే. ఇంకోటి, వాట్సాప్‌కు 2016లో వేసిన తాళం వాట్సాప్ కనిపెట్టింది కాదు. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ తయారుచేసినవాళ్లు బహిరంగంగా రూపొందించిన పద్ధతి. బహిరంగంగా తయారైంది కాబట్టి నిపుణులు పరీక్షించారు, పరీక్షకు నిలిచింది కాబట్టి పెద్ద సంస్థ తీసుకుంది, డిఫాల్ట్‌గా పెట్టింది కాబట్టి కోట్లమందికి చేరింది. ఈ మూడో మెట్టు లేకపోతే మొదటి రెండూ ఔత్సాహికుల సరదాగా మిగిలిపోయేవి.

"అయితే ప్రతిదానికీ అడిగి చేయమంటారా?" అన్నది న్యాయమైన అభ్యంతరమే. అడగడమే పరిష్కారమనుకున్న యూరప్‌లో ఏమైందో చూశాం. ప్రతి సైటు ముఖం మీదా కుకీల పెట్టె. ఒప్పుకోవడానికి ఒక నొక్కు, వద్దనడానికి నాలుగు తెరలు. ఇలా చేసినందుకే ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది. రోజుకు యాభైసార్లు అడిగితే ఎంత జాగ్రత్తపరుడైనా విసుగొచ్చి సరే అంటాడు. అందుకే కావలసింది ఎక్కువ ప్రశ్నలు కాదు, ప్రశ్న అక్కర్లేని వడ్డన. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 2019 సెప్టెంబరు నుంచి వెంటాడే కుకీలను ఎవరినీ అడగకుండా డిఫాల్ట్‌గా ఆపేస్తోంది. ఆండ్రాయిడ్ 11 నుంచి, నెలల తరబడి తెరవని యాప్ అనుమతులను ఫోనే వెనక్కి తీసుకుంటుంది. ఎవరి నిద్రా చెడలేదు. ఇక ఉచిత సేవలకు ప్రకటనలే తిండి కదా, వెంటాడటం ఆపితే అవన్నీ మూతపడవా అంటారా? ఆపిల్ దెబ్బ తగిలిన మెటా ఆదాయం 2022లో సుమారు 11,660 కోట్ల డాలర్లు, 2023లో సుమారు 13,490 కోట్లు. ఆకలి బాధలైతే కనిపించడం లేదు.

మన చట్టం కూడా ఈ దారిలోనే ఒక అడుగు వేసింది, దాన్ని మనం పెద్దగా గమనించలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలంటుంది. అంటే తెలుగులో కూడా. అంతకంటే ముఖ్యం ఆరో సెక్షన్‌లో చట్టమే ఇచ్చిన ఒక ఉదాహరణ. ఒకామె వైద్య సలహాలిచ్చే యాప్ వేసుకుంటుంది. ఆ యాప్ వైద్యసేవ కోసం ఆమె సమాచారమూ, దాంతోపాటు ఫోనులోని కాంటాక్టుల జాబితా కూడా అడుగుతుంది. ఆమె రెండిటికీ సరే అంటుంది. వైద్య సలహాకు కాంటాక్టులతో పనిలేదు కనుక, ఆమె సమ్మతి వైద్యసేవ వరకే చెల్లుతుంది. అలో నొక్కినా, కాంటాక్టుల వరకు నొక్కనట్టే లెక్క! "పర్మిషన్ ఎందుకిచ్చారు" అని దెప్పేవాళ్లకు చట్టం ఇచ్చిన జవాబుగా నేను దీన్ని చదువుకుంటాను. ఈ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి అక్కడి నుంచి పద్దెనిమిది నెలల గడువిచ్చారు.

కాకపోతే చట్టం జరిగిన తర్వాత వచ్చేది. కాంటాక్టులు ఎత్తుకుపోవడానికి కొన్ని సెకన్లు చాలు, ఫిర్యాదు తేలడానికి ఎన్నాళ్లు పడుతుందో మనకు కొత్తగా చెప్పాలా. ముందే ఆపే పద్ధతులూ ఉన్నాయి. ఆండ్రాయిడ్ బహిరంగ కోడు మీద కట్టిన గ్రాఫీన్ఓఎస్‌లో కాంటాక్ట్ స్కోప్స్ అనే ఏర్పాటుంది: యాప్ అనుమతి దొరికిందనే అనుకుంటుంది, లోపల చూస్తే ఖాళీ జాబితా, లేదా మనం ఎంచి ఇచ్చిన పేర్లు. 2024లో ఐఫోన్లకు వచ్చిన ఐఓఎస్ 18లోనూ అందరి నంబర్లూ ఇవ్వకుండా కావలసినవి ఎంచి ఇచ్చే వీలుంది. అయితే గ్రాఫీన్ఓఎస్ నడిచేది గూగుల్ పిక్సెల్ ఫోన్ల మీద, ఐఫోన్ ధర అందరికీ తెలిసిందే. ఐదువేల అప్పు కోసం యాప్ వెతుక్కునేవాడి జేబులో ఈ రెండూ ఉండవు. అతని దగ్గరుండే పదివేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో కాంటాక్టుల పర్మిషన్ ఇప్పటికీ రెండే రకాలు: ఇస్తే మొత్తం, లేదంటే ఏమీ లేదు.